ఎడమ భుజం

అల్మేరియాకి పడమట, సముద్రం కనబడే చోట
ఇంకో సముద్రం ఉంది, తెల్లటి ప్లాస్టిక్‌ది.
దాని అంచున, మురుగుకాలువ దాటాక,
చెక్కపలకలు నిలబెట్టి టార్పాలిన్ కప్పిన గుడిసెలు.
జూలైలో ఒక మంగళవారం మా వ్యాను అక్కడ ఆగింది.
ఐస్‌పెట్టె, మడత బల్ల, గొడుగు,
నేను, లాప్‌టాప్ పట్టుకుని ఎలాదియో.

మొదటి గంట ఎవరూ రాలేదు.
ఒక కుక్క వచ్చి బల్ల కింద నీడలో పడుకుంది.
సందుల్లోంచి కళ్ళు వచ్చి పోయాయి.
తెల్ల వ్యాను అంటే వాళ్ళకి ఒకటే అర్థం మరి:
ఎక్కించుకుని పోయేది.

చివరికి రొట్టెలు కాల్చి అమ్మే తూదా
చేతుల పిండి దులుపుకుంటూ వచ్చింది.
"పేరు రాస్తావా?"
"రాయాలి."
"ఏ పేరు?"
ముప్పై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో నన్నెవరూ అడగని ప్రశ్న.
"వెనకనుంచి ఏమని పిలిస్తే తిరిగి చూస్తావో, అది."

గుర్తింపు సంఖ్య గడి ఖాళీగా ఉంటే
తర్వాతి పేజీ తెరుచుకోదట.
ఎర్ర గీత ఒకటి, మళ్ళీ మొదటికి.
నేనేమో సీసా మూత తీసేశాను,
తీసిన సీసాకి ఆరు గంటలే ఆయుష్షు,
దానికి గడుల సంగతేం తెలుసు.
"సున్నాలు కొట్టు" అన్నాను.
ఎలాదియో నా వైపు చూసి, కొట్టాడు. ఒప్పుకుంది.
ఎనిమిది సున్నాల తూదా కుర్చీలో కూర్చుంది.

రెండో మనిషికి అవే సున్నాలు చెల్లవంది యంత్రం.
చివర ఒకటి పెట్టాం. ఆ తర్వాత రెండు.
పొద్దు వాలేసరికి నలభై దాటాం.

పదిహేడు ఒక పొడుగాటి మనిషి.
పేరడిగితే కాసేపు నేలకేసి చూసి
"లాజీ కమరా" అన్నాడు.
చొక్కా చెయ్యి పైకి లాగితే
ఎడమ భుజం మీద చేప ఆకారంలో కాలిన మచ్చ.
కిందటేడు గుడిసెలు అంటుకున్న రాత్రి
ప్లాస్టిక్ కరిగి, చుక్కలు చుక్కలుగా పడిందట.
తోక పక్కన మంచి చర్మం వెతికి పొడిచాను.
అందరూ మొహం తిప్పుకుంటారు.
అతను సూదినే చూశాడు,
పండిందో లేదో కాయని చూసినట్టు.

ఆ రాత్రి ఇంట్లో టమాటా పెట్టె విప్పాను.
మూత మీద చీటీ: ఏ షెడ్డు, ఏ వరస, ఏ రోజు కోత.
కోసిన చెయ్యి సంగతి లేదు.
ఉప్పు జల్లుకుని తిన్నాను.
రుచిగానే ఉంది, అదే నా బాధ.

మూడు వారాలకి మళ్ళీ వెళ్ళాం.
ఈసారి కుక్క వెనకాలే జనం.
పొడుగాటి మనిషి వంతు వచ్చింది.
"ఫూసేనీ సుమారే" అన్నాడు.
ఎలాదియో పైనుంచి కిందికి వెతికాడు, కిందినుంచి పైకి.
"ఈయన లేడు. మొదటిది లేకుండా రెండోది ఎలా?"

"లాజీ ఎవరు?" అన్నాను మెల్లిగా.
అతను మాట్లాడలేదు. తూదా చెప్పింది.
ఒకే గుడిసె, ఒకే దుప్పటి.
చలికాలంలో ఊపిరి అందక పోయాడు.
అంబులెన్సుకి ఫోను చేస్తే వీధి పేరు అడిగారు.
కాలువ పక్క, నీలం టార్పాలిన్, అని చెప్పారు వీళ్ళు.
అవతల చాలాసేపు టైపు చేస్తున్న చప్పుడు.

మేం పేర్లు పోలీసులకిస్తామని భయపడి
పోయినవాడి పేరు చెప్పాడేమో అనుకున్నాను.
"కాదు" అన్నాడు ఫూసేనీ, మొదటిసారి.
"ఏదో ఒక కాగితం మీద ఉంటాడని."

"చొక్కా తియ్యి" అన్నాను.
చేప అక్కడే ఉంది.
నేను పొడిచిన చోటు మాత్రం కనబడలేదు,
సూది అంత గుర్తు మిగల్చదు.
"పదిహేడో నంబరు ఇతనే. నేను సాక్షిని. రాసుకో."
"ఏం రాయను?"
"ఎడమ భుజం."
"ఏ గడిలో?"

కార్డు నేనే రాశాను, పెన్నుతో.
మొదటి డోసు ఎదురుగా లాజీ, రెండోదాని ఎదురుగా ఫూసేనీ.
రేపు ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తెలియదు.
అతను దాన్ని ఎండకి పట్టి చదివాడు,
రెండుసార్లు, పెదాలు కదుపుతూ.

గొడుగు ముయ్యబోతుంటే వద్దన్నాను.
సీసా అడుగున ఇంకొకరికి సరిపడా ఉంది.
కాలువ అవతల ఎవరో నిలబడి
వద్దామా మానదామా అని చూస్తున్నారు.